కౌన్సిల్ సమావేశాలకు ఏడాది క్యాలెండర్, అజెండా తయారీ: అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

కౌన్సిల్ గుమాస్తా

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక మునిసిపాలిటీలో జూనియర్ అసిస్టెంట్‌ని. ఊరి పేరు అడక్కండి. ఈ మధ్యే రెవెన్యూ సెక్షన్ నుంచి కౌన్సిల్ సెక్షన్‌కి మార్చారు. ఇంతకుముందు ఈ సీటు చూసినాయన బదిలీ మీద వెళ్లిపోయారు. బీరువా తాళాలు, మినిట్స్ పుస్తకాలు అప్పగించారు గానీ పని ఎలా నడుస్తుందో చెప్పే తీరిక ఆయనకి లేకపోయింది.

మా దగ్గర సాధారణ సమావేశం నెలకోసారి జరగాలి. జరుగుతుంది, కానీ ఏ రోజన్నది ఎవరికీ ముందు తెలియదు. నెలాఖరు దగ్గర పడ్డాక చైర్‌పర్సన్ గారి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. అక్కడి నుంచి ఉరుకులు పరుగులు. ఇంజినీరింగ్ వాళ్లు అజెండాకి అంశం రాసిచ్చే నోట్ ఇవ్వరు, టౌన్ ప్లానింగ్ వాళ్లు ఇచ్చింది వెనక్కి తీసుకుంటారు, అకౌంట్స్ వాళ్లు పద్దు రాయరు. చివరికి సగం అంశాలు టేబుల్ అజెండాగా సమావేశం హాల్లోనే పంచుతాం. పోయిన సమావేశంలో దీని మీదే గొడవై కాగితాలు చింపారు. ఊడ్చింది అటెండరు, మాట పడింది నేను.

కొత్తగా వచ్చిన కమిషనర్ గారు "ఏడాదికి తేదీలు వేసి తీసుకురా" అన్నారు. నెలలో ఏ రోజులు పెట్టుకోవాలి? సెక్షన్ల నుంచి నోట్లు ఎప్పటిలోగా తెప్పించుకోవాలి? చాలా టెన్షన్‌గా ఉంది.

రిటైర్డ్ మేనేజర్

బాబూ, కమిషనర్ గారు అడిగారంటేనే సగం పని అయినట్టు. నా సర్వీసులో ఆ మాట అడిగిన కమిషనర్లు అరుదు.

ముందు పనికిరాని రోజులు కొట్టేయండి. ఒకటో తారీకు పెన్షన్ల పంపిణీ, వార్డు సచివాలయాల వాళ్లెవరూ దొరకరు. రెండో తారీకు కూడా ఆ లెక్కలతోనే సరిపోతుంది. సోమవారాలు పీజీఆర్ఎస్, కమిషనర్ గారు అర్జీలు తీసుకోవాలి. మూడో శనివారం స్వచ్ఛాంధ్ర, శానిటేషన్ వాళ్లంతా రోడ్డు మీద ఉంటారు. రెండో శనివారం సెలవు. నెలాఖరు బిల్లుల హడావుడి. మంగళవారం కొందరు చైర్‌పర్సన్లకి పడదు, అమావాస్య దాదాపు ఎవరికీ పడదు. నవ్వకండి, నేను పంచాంగం చూడకుండా ఏనాడూ తేదీ రాయలేదు.

అన్నీ పోగా మిగిలేది రెండో వారంలో బుధ, గురు, శుక్రవారాలు. రెండో గురువారం అనుకోండి. అది ఎప్పుడూ 8 నుంచి 14 లోపే వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సెక్షన్ నోట్లు ముందు నెల 25కల్లా మీ టేబుల్ మీద ఉండాలి. 28కల్లా చిత్తు ప్రతి కమిషనర్ గారికి. పెన్షన్ల రోజులు దాటగానే ఆయనా చైర్‌పర్సన్ గారూ కూర్చుని ఖాయం చేస్తారు. ఆ వెంటనే సభ్యులకి నోటీసు, అజెండా. నోటీసు గడువు లెక్కలో ఇచ్చిన రోజు, సమావేశం రోజు రెండూ రావని మరిచిపోకండి. ఈ ఒక్క లెక్క తప్పినందుకు సమావేశాలు వాయిదా పడ్డ సందర్భాలు నాకు తెలుసు. మునిసిపాలిటీకి ఒక గడువు, కార్పొరేషన్‌కి ఒక గడువు. మీ పాత నోటీసు కాగితం పైనే సెక్షన్ నంబరు ఉంటుంది, దాని ప్రకారం చూసుకోండి.

పంచాంగం, సెలవుల జాబితా రెండూ పక్కన పెట్టుకుని పన్నెండు తేదీలూ ఒకే రోజు చైర్‌పర్సన్ గారి ముందు పెట్టండి. నెలనెలా అడిగితే నెలనెలా మారుస్తారు. ఏడాదికోసారి అడిగితే ఒకటో రెండో మారుస్తారు.

ఏఈ సివిల్

25కల్లా నోట్ ఇవ్వాలట. చెప్పడం తేలికే సార్.

కౌన్సిలర్ గారు బండి ఆపి చీటీ మీద "మా వీధిలో సీసీ డ్రెయిన్" అని రాసిచ్చి వెళ్తారు. ఏ వీధి, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏమీ ఉండదు. నేనూ వార్డు ఎమినిటీస్ సెక్రటరీ వెళ్లి టేపు పట్టి కొలవాలి, లెవెల్స్ చూడాలి, కింద నీటి పైపు ఉందేమో కనుక్కోవాలి, ఎస్టిమేట్ వేయాలి. అది మా పై అధికారి డీఈ గారి దగ్గరికి వెళ్లి తిరిగి రావాలి. ఈలోగా ఇంకో ఆరు చీటీలు.

దీని కంటే పెద్ద తలనొప్పి పద్దు. ఆర్థిక సంఘం డబ్బులో పెద్ద భాగం తాగునీటికి, పారిశుధ్యానికి ముడిపెట్టి వస్తుంది. 15వ ఆర్థిక సంఘంలో మాలాంటి ఊళ్లకి అది 60 శాతం. ఆ డబ్బుతో రోడ్డు వేయమంటే కుదరదు. డ్రెయిన్ అయితే పారిశుధ్యం కింద చూడొచ్చు. ఇది తెలియక రోడ్డు పని ఆ పద్దులో రాయించి తీర్మానం చేయిస్తారు, ఆడిట్‌లో నేను సమాధానం చెప్పుకోవాలి. కాబట్టి గుమాస్తా గారూ, అకౌంట్స్ సంతకం లేని నోట్ నా దగ్గర నుంచి వచ్చినా సరే తీసుకోవద్దు.

మాజీ కౌన్సిలరమ్మ

నేను ఒక టర్మ్ కౌన్సిలర్‌గా చేశాను. ఆఫీసు వైపు కష్టాలు విన్నాను, ఇటువైపు సంగతి కూడా వినండి.

అజెండా రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చేది. అటెండరు తలుపు కొట్టి మా వారి చేతిలో పెట్టి, మా వారి చేతే సంతకం పెట్టించుకుని వెళ్లేవాడు. కౌన్సిలర్ ఎవరయ్యా అని నేను అడిగితే "ఎవరైతే ఏంటమ్మా, ఇల్లు ఒకటేగా" అనేవాడు. మన దగ్గర సగం సీట్లు ఆడవాళ్లవి. సగం అజెండాలు మాత్రం భర్తల చేతికో, కొడుకుల చేతికో పోతున్నాయి. మీరు కొత్తగా ఈ సీట్లోకి వచ్చారు కాబట్టి చెబుతున్నాను, తపాలా పుస్తకంలో సంతకం సభ్యురాలిదే తీసుకోండి. ఆమె ఇంట్లో లేకపోతే మళ్లీ వెళ్లమనండి.

ఇక లోపల ఏముంటుందంటారా? "ఇంజినీరింగ్ విభాగం నోట్‌ను పరిశీలించి ఆమోదించుటకు కౌన్సిల్ వారి పరిశీలనార్థం." అంతే. ఆ నోట్ జత చేయరు. ఏం పరిశీలించాలి? ఒకసారి ఒక అంశంలో "జాబితాలో చూపిన పనులకు" అని ఉంది, జాబితా లేదు. అడిగితే హాల్లో చూపిస్తామన్నారు. హాల్లో చైర్‌పర్సన్ గారు "ఒకటి నుంచి ముప్పయ్యయిదు వరకు ఆమోదమేనా" అన్నారు. వెనక బెంచీల వాళ్లు బల్లలు చరిచారు, అయిపోయింది. టీ రావడానికి పట్టినంత సేపు కూడా పట్టలేదు. అప్పటి నుంచి నేను అజెండా రాగానే నా వార్డు పేరున్న అంశాలు ఎర్ర పెన్నుతో గీసుకుని, పొద్దున్నే ఆ చోటుకి నడిచి వెళ్లి చూసి మరీ సమావేశానికి వెళ్లేదాన్ని. ఒక రోజు ముందు అందితేనే అంత చేయగలిగాను. నాలుగు రోజులు ముందు ఇచ్చి ఉంటే పక్క వార్డులవి కూడా చూసేదాన్ని.

లోకల్ విలేకరి

అమ్మా, మీకు రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చిన అజెండా మాకు సాయంత్రం ఐదుకే వాట్సాప్‌లో వచ్చేది. ఎవరు పంపేవారో మాత్రం చెప్పను.

నా అనుభవం ఒక్కటే చెబుతాను. జీరో అవర్‌ని, అంటే అజెండాతో సంబంధం లేకుండా సభ్యులు సమస్యలు లేవనెత్తే సమయాన్ని, మొదట పెట్టిన ఊళ్లలో అసలు అజెండా ఎప్పుడూ సరిగా చర్చకు రాదు. తాగునీరు, కుక్కలు, వీధి దీపాలు అని మొదలై ప్రోటోకాల్ గొడవ దగ్గర ఆగుతుంది. శిలాఫలకం మీద పేరు లేదని ఒకరు, తనకి చెప్పకుండా కొబ్బరికాయ కొట్టారని ఇంకొకరు. పోడియం దగ్గరికి వచ్చేస్తారు, వాకౌట్ అవుతుంది, మాకు ఫొటో దొరుకుతుంది. వాళ్లు బయట మాతో మాట్లాడుతుంటే లోపల అంశాలన్నీ ఆమోదమైపోతాయి. వాకౌట్ చేసినవాళ్లకి కూడా అది తెలుసు.

బే ఏరియా బాబాయ్

గుంటూరు వాడినే, కాలిఫోర్నియాలో ఉంటాను. మా సిటీ కౌన్సిల్ సమావేశాలకి అప్పుడప్పుడూ వెళ్తుంటాను. ఇక్కడ బ్రౌన్ యాక్ట్ అని 1953 నాటి రాష్ట్ర చట్టం ఉంది. మామూలు సమావేశమైతే 72 గంటల ముందు, ప్రత్యేక సమావేశమైతే 24 గంటల ముందు అజెండా జనానికి కనపడేలా పెట్టాలి. అజెండాలో లేని విషయం మీద ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు, కౌన్సిల్ వింటుంది. కానీ దాని మీద నిర్ణయం తీసుకోకూడదు. అత్యవసరాలకి కొన్ని మినహాయింపులున్నాయి, అంతే. టేబుల్ అజెండా అనే మాట వింటే మా సిటీ క్లర్క్‌కి గుండె ఆగిపోతుంది.

ఇంకోటి, పేచీ లేని మామూలు అంశాలన్నీ "కన్సెంట్ క్యాలెండర్" అని ఒకచోట పెట్టి ఒకే ఓటుతో కానిస్తారు. పైన అమ్మ చెప్పిన "ఒకటి నుంచి ముప్పయ్యయిదు" లాంటిదే. తేడా ఏమిటంటే సభ్యుల్లో ఎవరైనా "ఏడో నంబరు బయటికి తీయండి" అంటే దాన్ని విడిగా చర్చించాల్సిందే.

రిటైర్డ్ మేనేజర్

బాబాయ్ గారూ, మీ పద్ధతి బాగుంది. కానీ టేబుల్ అజెండాని మొత్తానికే తీసేస్తామంటే మన ఊళ్లో నడవదు. నవంబరులో తుపాను వచ్చింది, మోటార్లు మునిగాయి. మే నెలలో మెయిన్ పైపు పగిలి ట్యాంకర్లు పెట్టాలి. ఒక వీధిలో నలుగురికి వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఇలాంటివి వచ్చే నెల దాకా ఆగవు. చైర్‌పర్సన్ ముందస్తు అనుమతితో పని చేసి, తర్వాత కౌన్సిల్‌లో ధ్రువీకరణకి పెట్టడం అందుకే ఉంది.

మాజీ కౌన్సిలరమ్మ

ఆ తుపాను పేరు చెప్పే కదండీ అన్నీ తోసేది! నా హయాంలో టేబుల్ మీద వచ్చినవి తుపాన్లా? మునిసిపల్ షాపుల లీజులు. మూడేళ్ల లీజు ఏ తారీకున అయిపోతుందో మూడేళ్ల ముందే తెలుసు. ఆశీల (సంత రుసుముల వసూలు హక్కు) వేలంపాట, మార్చి 31తో గడువు అయిపోతుందని ఆఫీసులో అటెండరుకి కూడా తెలుసు. మరి అది మార్చి 28న టేబుల్ మీదకి ఎందుకొస్తుంది? వేలం పెట్టే టైం లేదు కాబట్టి పాతవాళ్లకే పొడిగిద్దాం అనడానికి కాదూ?

రిటైర్డ్ మేనేజర్

దీనికి నా దగ్గర సమాధానం లేదు. అది నిజం.

అందుకే గుమాస్తా బాబూ, తేదీల క్యాలెండర్ ఒక్కటే చాలదు. ఏ నెలలో ఏ అంశం తప్పనిసరిగా రావాలో కూడా పక్కన రాసి పెట్టుకోండి. ఆశీలు, మార్కెట్, సైకిల్ స్టాండు వేలాలు జనవరి సమావేశానికి రావాలి. అప్పుడు పాట సరిగా రాకపోతే రెండోసారి పెట్టడానికి వ్యవధి ఉంటుంది. వేసవి నీటి ప్రణాళిక ఫిబ్రవరిలో. మార్చిలో పెడితే టెండరు తెరిచేసరికి ఎండలు అయిపోతాయి. కాలువల పూడికతీత ఏప్రిల్‌లో, ఎందుకంటే జూన్‌లో వాన పడితే తీసిన పూడిక గట్టు మీద నుంచి మళ్లీ కాలువలోకే జారుతుంది. దోమల మందు, ఫాగింగ్ జూన్ సమావేశంలో. నిమజ్జనం ఏర్పాట్లు వినాయక చవితికి ముందు నెలలో. షాపుల లీజులైతే రిజిస్టరు తీసి ఒక్కొక్కటి ఎప్పుడు ముగుస్తుందో చూసి, దానికి నాలుగు నెలల ముందు సమావేశంలో వేయండి.

బడ్జెట్ ముసాయిదా డిసెంబరులో మొదలుపెట్టండి. దానికి ప్రత్యేక సమావేశం తేదీ ఇప్పుడే వేసేయండి, సాధారణ సమావేశంలో చివరి అంశంగా ఇరికించకండి. ఏప్రిల్ అంతా రెవెన్యూ వాళ్లు మీకు దొరకరు. ఏడాది పన్ను ఒకేసారి కడితే 5 శాతం రాయితీ ఆ నెలాఖరుకే ముగుస్తుంది, కౌంటర్ దగ్గర జనం ఉంటారు. ఇక ఎన్నికల కోడ్ వస్తే కొత్త పనుల అంశాలన్నీ ఆగిపోతాయి, దాన్ని ఎవరూ ముందు చెప్పలేరు.

చరిత్ర పిచ్చోడు

మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. పన్ను పెంపు అంశాన్ని మాత్రం ఎప్పుడూ అజెండాలో పైన, అందరికీ కనపడేలా వేయండి. జనానికి చెప్పకుండా మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే ఏమవుతుందో చీరాల, పేరాల వాళ్లు 1921లో చూపించారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి వెంట ఇళ్లు వదిలి, ఊరి బయట రామ్‌నగర్ కట్టుకుని నెలల తరబడి ఉన్నారు. మునిసిపాలిటీ మిగిలింది, పన్ను కట్టే జనం లేరు.

ఏఈ సివిల్

ఇప్పుడు ఎవరూ ఊరు వదలరు సార్, ఆన్‌లైన్‌లో కట్టి ఫేస్‌బుక్‌లో తిడతారు.

వార్డు 17

నేను ఆఫీసు వాణ్ణీ కాదు, కౌన్సిలర్నీ కాదు. పన్ను కట్టేవాణ్ణి. మీరందరూ నోట్లు, పద్దులు అని మాట్లాడుతున్నారు. అజెండా మాకెక్కడ కనపడుతుంది?

సమాచార హక్కు చట్టం 2005లో సెక్షన్ 4(1)(బి) చూడండి. బోర్డులు, కౌన్సిళ్ల సమావేశాలు జనం చూడొచ్చా, మినిట్స్ జనానికి అందుబాటులో ఉంటాయా అన్నది ఎవరూ అడగకుండానే ఆఫీసే ప్రకటించాలి. నేను ఒకసారి మినిట్స్ అడిగితే "దరఖాస్తు పెట్టుకోండి" అన్నారు. పది రూపాయల ఫీజు కట్టి పెట్టాను. సరిగ్గా ముప్పయ్యో రోజున పేజీకి రెండు రూపాయల చొప్పున కట్టమని ఉత్తరం వచ్చింది. కట్టాను. వచ్చిన తీర్మానంలో మా వీధి డ్రెయిన్ ఆమోదమైనట్టు ఉంది. వీధిలో డ్రెయిన్ లేదు. ఏఈ గారిని అడిగితే టెండరు ఎవరూ వేయలేదన్నారు. సరే, ఆ ముక్క మాకు ఎవరైనా చెప్పాలి కదా?

ఏఈ సివిల్

చిన్న పనులకి కాంట్రాక్టర్లు రారండీ. పాత బిల్లులే రాలేదని ఒకటే గోల. రెండుసార్లు పిలిచినా ఒక్కరూ వేయని పనులు నా దగ్గర చాలా ఉన్నాయి.

రిటైర్డ్ మేనేజర్

వార్డు 17 గారు మంచి పాయింట్ పట్టుకున్నారు. మా రోజుల్లో ప్రతి అజెండాలో మొదటి అంశం గత సమావేశం మినిట్స్ ధ్రువీకరణ. రెండో అంశంగా "గత తీర్మానాల అమలు నివేదిక" ఉండాలి. చాలాచోట్ల అది పేరుకే ఉంటుంది, "చర్యలు తీసుకొనబడుచున్నవి" అని రాసి వదిలేస్తారు. దానికి నాలుగు గడులు గీయండి: తీర్మానం నంబరు, ఎస్టిమేట్ అయిందా, టెండరు అయిందా, పని ఎక్కడుంది. టెండరు రాకపోతే "టెండరు రాలేదు" అనే రాయండి. అందులో సిగ్గేం లేదు. అది ప్రతి నెలా కనపడితే కౌన్సిలే రెండు మూడు పనులు కలిపి ఒక ప్యాకేజీ చేయమంటుంది, అప్పుడు కాంట్రాక్టరు వస్తాడు.

వైజాగ్ వాసు

కార్పొరేషన్లలో ఉన్నవాళ్లకి ఒక మాట. విశాఖ నగర కార్పొరేషన్ జీవీఎంసీలో వార్డులు 98. అందరూ కూర్చునే సమావేశాన్నే టీవీలో చూస్తాం. చాలా ఆర్థిక విషయాలు పది మంది ఉండే స్టాండింగ్ కమిటీలోనే తేలిపోతాయి. కాబట్టి క్యాలెండర్ వేస్తే రెండింటికీ వేయాలి. స్టాండింగ్ కమిటీ అజెండా చూడకుండా కౌన్సిల్ అజెండా ఒక్కటే చూస్తే సగం కథే తెలుస్తుంది.

కౌన్సిల్ గుమాస్తా

అందరికీ చాలా థాంక్స్. ఈ వారం రోజుల్లో జరిగింది చెబుతాను.

కమిషనర్ గారికి రెండో గురువారం ప్రతిపాదన చూపించాను, ఒప్పుకున్నారు. సెక్షన్లకి సర్క్యులర్ ఇచ్చాం: 25 సాయంత్రం దాటితే నోట్ వచ్చే నెలకే. నోట్‌కి ఒక ఫారం తయారుచేశాను. పని ఎక్కడ, అంచనా ఎంత, ఏ పద్దు, ఆ పద్దులో ఇప్పుడు మిగిలింది ఎంత, ఇంతకుముందు దీని మీద తీర్మానం ఉందా. అడుగున అకౌంట్స్ సంతకం. ఏఈ గారు చెప్పినట్టు అది ఖాళీగా ఉంటే తీసుకోవడం లేదు. టేబుల్ అజెండాకి వేరే ఫారం. అందులో ఒకటే ప్రశ్న: "ఈ విషయం గత నెల 25 నాటికి తెలియదా?" కింద సెక్షన్ హెడ్ సంతకం పెట్టాలి. ఈ ఫారం చూసి టౌన్ ప్లానింగ్ ఆయన నాతో రెండు రోజులు మాట్లాడలేదు.

జీరో అవర్ చివరికి మార్చే విషయం చైర్‌పర్సన్ గారితో మాట్లాడతామన్నారు. ప్రతిపక్ష సభ్యులు ఒప్పుకోరేమో, చూడాలి.

చైర్‌పర్సన్ గారు పన్నెండు తేదీలూ చూశారు. రెండింటికే అభ్యంతరం. ఒకటి అమావాస్య, ఊహించిందే. ఇంకోటి శ్రావణ మాసంలోది. "గురువారం సాయంత్రం మీటింగ్ పెడితే తెల్లారి వరలక్ష్మీ వ్రతం, సగం మంది ఆడవాళ్లం ఇల్లు శుభ్రం చేసుకోవాలా, మీ అజెండా చదువుకోవాలా?" అన్నారు. మగవాళ్లం నలుగురం కూర్చుని వేసిన క్యాలెండర్ మరి. ఆ నెల బుధవారానికి మార్చాం.

మాజీ కౌన్సిలరమ్మ

బుధవారం కూడా ఉదయం పదిన్నరకే పెట్టండి. మూడు గంటలకని పిలిచి నాలుగున్నరకి మొదలుపెడితే చీకటి పడేదాకా కూర్చోవాలి. అంతసేపు కూర్చోలేక వెళ్లిపోయేది ఎక్కువగా మేమే. అసలు అంశాలు మేం వెళ్లాకే వచ్చేవి.

వార్డు 17

తేదీల కాగితం నోటీసు బోర్డు మీద పెడతారా? వార్డు సచివాలయాల్లో కూడా అంటిస్తే మంచిది. మేం మెయిన్ ఆఫీసుకి రోజూ రాలేం కదా.

కౌన్సిల్ గుమాస్తా

పెడతాం. సచివాలయాలకి కూడా పంపమని కమిషనర్ గారు ఫైల్ మీద రాశారు. అజెండా మాత్రం సభ్యులకి అందిన రోజు సాయంత్రం బోర్డు మీద పెడతాం, అంతకంటే ముందు కాదు. విలేకరి గారు ఏమీ అనుకోవద్దు.

లోకల్ విలేకరి

నాకెందుకు కోపం? నాకు ఐదు గంటలకే వస్తుంది.

ఏఈ సివిల్

గుమాస్తా గారూ, 26 ఉదయం పది గంటలకి తెచ్చిన నోట్ వెనక్కి పంపారట. మా సెక్షన్‌దే. ఒక్క పూట కూడా ఆగరా?

కౌన్సిల్ గుమాస్తా

అకౌంట్స్ గడి కూడా ఖాళీగానే ఉంది సార్. వచ్చే నెల మూడో అంశంగా వేస్తాను, ఎస్టిమేట్ కాపీ జత చేసి పంపండి.